కిరాణా కొట్టు కాటా మీద తూచి మరీ తెచ్చుకున్న మైకు: షూర్ ఎస్ఎం57

ముందే చెప్పేస్తున్నా, ఈ మైకు నేను రెండుసార్లు కొన్నా. మొదటిసారి కొన్నది ఎస్ఎం57 కాదు, దాని వేషం కట్టిన ఇంకేదో. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ 2,800కి పెట్టాడు, అసలు రేటు పదివేలకి అటూ ఇటూ ఉంటే ఇంత తక్కువకి ఎలా వస్తుందిరా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను, ఆఫర్ అనుకున్నా. డబ్బా కూడా ముచ్చటగా ఉంది, లోపల పేపర్లు, పౌచ్, క్లిప్ అన్నీ ఉన్నాయి. గిటార్ ముందు పెట్టి రికార్డ్ చేస్తే మాత్రం రేకుల షెడ్డు మీద కంకర పోసినట్టు వచ్చింది సౌండు. నా గిటార్‌దే తప్పేమో అనుకుని తీగలు మార్చా, తర్వాత కేబుల్ మార్చా, ఇలా మూడు వారాలు పోయాయి, ఈలోపు రిటర్న్ గడువు కూడా పోయింది.

అప్పుడు వైజాగ్‌లో ఉన్న మావాడు ఫోన్‌లో అన్నాడు, "ఏట్రా, ముందు దాన్ని తూకమేయించరా, నిజమైంది 284 గ్రాములు ఉండాల" అని. ఇంట్లో కాటా లేదు. కింద కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళి అన్నా ఒకసారి దీన్ని తూచవా అంటే ఆయన నన్నూ మైకునీ మార్చి మార్చి చూసి, అల్లం పక్కకి జరిపి కాటా మీద పెట్టాడు. 240 చిల్లర. అయిపోయింది కథ. అసలు 57 పిడిలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, బరువులో కొంత దానిదే, దొంగ సరుకు చేసేవాళ్ళు చాలాసార్లు ముందు కోసేది అక్కడే. రెండోసారి షాపుకెళ్ళి బిల్లుతో కొన్నా, ఇంటికి రాగానే మళ్ళీ అదే కొట్టుకెళ్ళి తూయించా, ఈసారి సరిపోయింది. కొట్టు అన్న "ఎన్నో నంబరు బాబూ ఇది" అన్నాడు.

సరే అసలు విషయం. 57 కొత్త మైకేమీ కాదు, 1965 నుంచీ అమ్ముతున్నారు, ఆకారం కూడా పెద్దగా మారలేదు. పేరులో ఎస్ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. టీవీలో అమెరికా ప్రెసిడెంట్ మాట్లాడేటప్పుడు బల్ల మీద రెండు నల్ల మైకులు కనిపిస్తాయి చూడండి, అవి ఇవే, లిండన్ జాన్సన్ కాలం నుంచీ. డైనమిక్ మైకు, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండా మైకుకి పంపే కరెంటు) అక్కర్లేదు, 40 హెర్ట్జ్ నుంచి 15 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, ఆపైన దానికి పట్టదు. ఇదేంటి 20 కిలోహెర్ట్జ్ దాకా వినే కండెన్సర్లు (ఇంకా సున్నితమైన వేరే రకం మైకులు) ఇంకా చవగ్గా దొరుకుతున్నాయిగా అని మీరంటారు. నేనూ అన్నా. నా దగ్గర అలాంటిదొకటి ఉండేది కూడా.

ఆ కండెన్సర్‌తో కూకట్‌పల్లి ఫ్లాట్‌లో రికార్డింగ్ అంటే ఏంటంటే, మీరు గిటార్ వాయిస్తుంటారు, అది మాత్రం కాలనీ మొత్తాన్నీ రికార్డ్ చేస్తుంటుంది. మూడో ఫ్లోర్ కుక్కర్ విజిలు, "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని తిరిగే ఆటో స్పీకరు, పైఇంటి పిల్లాడు గచ్చు మీద గోళీలు దొర్లించే శబ్దం, ఫ్యాను రెక్క కిర్రు, ఇన్వర్టర్ గీ అనే మోత, ఏదీ వదిలిపెట్టదు మహాతల్లి. రాత్రి రెండింటికి రికార్డ్ చేద్దామంటే అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు ఊరుకోరు, పైగా పొద్దున్నే ఆఫీసు. ఈ 57 ఉంది చూశారూ, ఇది ఎదురుగా ఉన్నదే వింటుంది, అదీ దగ్గరగా ఉంటేనే. వెనకాల ఏం జరిగినా దానికి దాదాపు పట్టదు. స్పెసిఫికేషన్ కాగితం మీద లోపంలా కనిపించేది మన ఇళ్ళలో వరం. నా రివ్యూ మొత్తం ఈ ఒక్క మాటే అనుకోండి, మిగతాదంతా ఎలా తెలిసిందో చెప్పడమే.

ఎలా తెలిసిందంటే మేం ముగ్గురం కలిసి ఒక బ్లూస్ పాట (అమెరికా నల్లజాతివాళ్ళ పాత బాణీ) కవర్ చేశాం, అంటే మా పద్ధతిలో మళ్ళీ పాడాం. నేను గిటారు, వైజాగ్‌లో మావాడు మౌతార్గాను, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే మా అక్క మొగుడు, అంటే మా బావ, పాట. పాట రాబర్ట్ జాన్సన్ అనే పాతకాలం అమెరికన్ బ్లూస్ గాయకుడిది, లవ్ ఇన్ వేన్. ప్రేమించినావిడ రైలెక్కి వెళ్ళిపోతుంటే సూట్‌కేస్ పట్టుకుని స్టేషన్ దాకా వెనకాలే వెళ్ళినవాడి పాట. అంతే కథ, రైలు కదిలింది, వెనక లైట్లు కనిపించాయి, అయిపోయింది. చివర్లో మాటలు కూడా వదిలేసి ఉత్త మూలుగులాగా పాడతాడు, మధ్యలో విల్లీ మే అని ఒక పేరు మాత్రం పిలుస్తాడు, అక్కడ నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ పాటే ఎందుకంటే బావ వల్ల. ఆయనకి తెలిసిందేంటంటే జాన్సన్ ఈ పాట రికార్డ్ చేసింది డల్లాస్‌లోనే, 1937 జూన్ 20న, 508 పార్క్ అవెన్యూ అనే బిల్డింగ్‌లో. ఇర్వింగ్ నుంచి కార్లో అరగంట కూడా పట్టదు. ఇన్నేళ్ళుగా ఫ్రిస్కోలో బిర్యానీ కోసం అంతకంటే ఎక్కువ దూరం డ్రైవ్ చేస్తున్న మనిషి, ఒక ఆదివారం అక్కని, పిల్లల్ని వేసుకుని వెళ్ళి ఆ బిల్డింగ్ ముందు నిలబడి వీడియో తీసి పంపాడు. వెనకాల మా అక్క గొంతు, "దీనికోసమా ఇంత ఎండలో తీసుకొచ్చావ్" అని. జాన్సన్ మొత్తం జీవితంలో రికార్డ్ చేసింది 29 పాటలు, 1936 నవంబర్‌లో శాన్ ఆంటోనియోలో ఒక హోటల్ గదిలో కొన్ని, తర్వాతేడు జూన్‌లో డల్లాస్‌లో మిగతావి, ఆ మరుసటి ఏడాది ఆగస్టుకే చనిపోయాడు, 27 ఏళ్ళు. అంటే ఆ హోటల్ గది కూడా ఒకరకంగా హోమ్ స్టూడియోనే కదా అన్నాడు బావ, ఇక ఆయన్ని ఆపలేకపోయాం.

మొదటి గొడవ ఏ పద్ధతిలో అని. బావకి 1969లో రోలింగ్ స్టోన్స్ వాళ్ళు చేసిన వెర్షన్ ఇష్టం, ఊగుతూ నెమ్మదిగా వెళ్ళేది, అందులో రై కూడర్ అనే అమెరికన్ గిటారిస్టు వాయించిన మాండలిన్ ఉంటుంది. నాకు పాతదే కావాలి, ఒక్క గిటారు, ఒక్క గొంతు. "బావా, నువ్వు పాడేది నువ్వు పాడు, గిటార్ నాకొదిలెయ్" అంటే "బామ్మర్దీ, పాట నాది, తాళం నీదా" అన్నాడు. చివరికి మధ్యలో ఎక్కడో ఆగాం, ఎ కీలో, 1937 కంటే కొంచెం నెమ్మదిగా, మాండలిన్ లేకుండా. మాండలిన్ వాయించేవాళ్ళు మాకు లేరు కాబట్టి ఆ పాయింట్ మీద నేను నెగ్గా.

ముగ్గురం ఒకేసారి కాల్‌లో వాయిద్దామని ఒక రోజు ప్రయత్నించి నవ్వులపాలయ్యాం. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు, ఫైబర్‌లో వెలుతురు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుందనుకున్నా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు, మధ్యలో రౌటర్లూ యాప్‌లూ కలిపితే అంతకి మూడు నాలుగింతలు. తాళం కలవాలంటే 30 లోపు ఉండాలి. అందుకని ఎవరింట్లో వాళ్ళు రికార్డ్ చేసి ఫైల్ పంపుకోవడమే. ముగ్గురం రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడాం, 60 రోజులు ఫ్రీగా వాడి చూసుకోవచ్చు, తర్వాత పర్సనల్ లైసెన్స్ 60 డాలర్లు, పాత లాప్‌టాప్‌లో కూడా పరిగెడుతుంది. దాని గురించి ఇంకోసారి రాస్తా.

ఫైళ్ళ విషయంలో మేం తిన్న దెబ్బలు మాత్రం చెప్పాలి. మొదట మావాడు ఎంపీత్రీ పంపాడు, ఎంపీత్రీ చేసేటప్పుడు మొదట్లో రవ్వంత ఖాళీ చేరుతుంది, అది తెలియక వాడు ప్రతి చోటా ఆలస్యంగా వాయిస్తున్నాడని వాడిని తిట్టా, పాపం. తర్వాత బావ ఫైలు వచ్చింది, ఓపెన్ చేస్తే బావ గొంతు ఎవరో పెద్దమనిషి గొంతులాగా బొంగురుగా, పాట నాలుగు నిమిషాలది 4:21 అయింది. ఆయన ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ళతో నడుస్తోంది, సాఫ్ట్‌వేర్ 44.1 అనుకుని రాసుకుంది, దాంతో శృతి ఒకటిన్నర స్వరస్థానం కిందకి దిగిపోయింది. నిజానికి ఆ బొంగురు గొంతు బ్లూస్‌కి భలే ఉంది, బావకి చెప్పలేదు, చెప్తే ఫీలవుతాడు. ఆ తర్వాత రూల్ పెట్టుకున్నాం: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు, ఎవరు ఎక్కడ వాయించినా ఫైలు మాత్రం పాట మొదటి సెకను నుంచే ఉండాలి, మధ్యలోంచి కోసి పంపొద్దు. నాలుగు నిమిషాల మోనో ఫైలు 34 ఎంబీ చిల్లర, పెద్ద సమస్యేమీ కాదు.

ఇప్పుడు గిటార్ మీద 57. నా అకౌస్టిక్‌కి పన్నెండో ఫ్రెట్ ఎదురుగా, జానెడు దూరంలో, కొంచెం వాలుగా పెడితే బాగా కుదిరింది. సౌండ్ హోల్‌కి సూటిగా పెట్టారో ఇక డొల్లు డొల్లుమని మోతే. వేళ్ళ శబ్దం, తీగ మీద జారే గరగర, ఇవన్నీ ముందుకొస్తాయి, ఎందుకంటే ఈ మైకుకి 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న మిట్ట ఉంటుంది. బ్లూస్‌కి ఇదే కావాలి, మెరుపు కాదు, గరుకు. సినిమా పాటల్లో వచ్చే తళతళలాడే గిటారు కావాలంటే ఇది మీ మైకు కాదు, ఈక్యూలో హెచ్చుతగ్గులు ఎంత సర్దినా రాదు, లేనిదాన్ని పెంచలేం కదా.

శాన్ ఆంటోనియోలో జాన్సన్ గోడవైపు తిరిగి కూర్చుని వాయించాడని ఒక కథ ఉంది, సిగ్గు వల్ల అని కొందరు, మూలలో కూర్చుంటే సౌండు గట్టిపడుతుందని అలా చేశాడని రై కూడర్ లాంటివాళ్ళు. నేనూ మా హాల్లో మూలకి తిరిగి కూర్చున్నా. మా అమ్మ వచ్చి చూసి "ఏమైంద్రా, ఆఫీసులో ఏమన్నా అన్నారా" అంది. మా మూలలో మాత్రం బేసు బురదలాగా వచ్చింది, గుయ్యిమని. బహుశా వాళ్ళ గోడలు వేరు, లేదా ఆయన వేళ్ళు వేరు. బీరువా పక్కకి జరిగి, వెనకాల బొంత వేలాడదీసి కూర్చుంటే సరిపోయింది.

ఈ మైకులో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాల్సి వస్తుందన్నది. దీని అవుట్‌పుట్ చాలా తక్కువ. ఆంప్ ముందో డ్రమ్ము ముందో పెడితే ఏ బాధా లేదు, కానీ వేళ్ళతో మెల్లగా వాయించే అకౌస్టిక్ అంటే 60 డీబీ దాకా లాగాలి, చవక ఇంటర్‌ఫేసుల్లో నాబ్ చివరికి తిప్పితే స్‌స్‌స్ అని బుస మొదలవుతుంది. దీనికి మధ్యలో పెట్టుకునే చిన్న బూస్టర్లు వస్తాయి, క్లౌడ్‌లిఫ్టర్ లాంటివి, 25 డీబీ దాకా పెంచుతాయి, కానీ దాని ధర మైకుకి తగ్గకుండా ఉంటుంది. నేను కొనలేదు. ఇంకా దగ్గరగా జరిగి, ఇంకా గట్టిగా వాయించా. గట్టిగా వాయిస్తే ఆ పాటకి బాగుంది కూడా, బొటనవేలు తీగని కొట్టినట్టు వినపడింది. మెల్లగా వాయించే పాట అయితే ఈ చిట్కా పనిచేయదు, అప్పుడు బూస్టర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

బావ ఇర్వింగ్‌లో పాడింది వాకిన్ క్లోజెట్‌లో. అక్కడి ఇళ్ళలో బట్టల కోసం ఒక గదే ఉంటుంది, అందులో మా అక్క పట్టుచీరలు, బావ వింటర్ జాకెట్లు, మధ్యలో స్టాండు మీద ఆయన 57. స్టూడియో ఫోమ్ అంటించినా అంత పొడి సౌండు రాదు, కంచిపట్టు మహిమ. ఒకటే బాధ, సెంట్రల్ ఏసీ ఆపాలి, లేకపోతే గొట్టంలోంచి హోరు. జూన్‌లో టెక్సాస్‌లో ఏసీ ఆపడం అంటే ఏంటో అక్కడున్నవాళ్ళకి తెలుస్తుంది. 508 పార్క్‌లో రికార్డింగులప్పుడు కూడా వీధి శబ్దం రాకుండా కిటికీలు మూసేసి, ఐస్ దిమ్మెలు పెట్టి వాటి మీదుగా ఫ్యాను వేసుకునేవాళ్ళట. బావకి ఈ కథ చెప్పా, ఆయన ఐస్ బకెట్ పెట్టుకున్నాడు, అక్క చీరల పక్కన ఐస్ ఏంటని బకెట్‌ని బయటికి గెంటేసింది, ఏడో టేక్ చివర్లో ఆ గొడవ మొత్తం క్లియర్‌గా రికార్డయి ఉంది.

గొంతుకి 57 అంటే చాలామంది వద్దంటారు, గొంతుకి షూర్‌వాళ్ళదే ఎస్ఎం58 ఉందిగా అని. 58లో గుండ్రటి జాలీ ఉంటుంది, ప, బ లాంటి అక్షరాల గాలి దెబ్బని అది కొంత ఆపుతుంది. 57కి ఆ రక్షణ లేదు, కాబట్టి పాప్ ఫిల్టర్ తప్పనిసరి, బావ అయితే ఎంబ్రాయిడరీ రింగుకి అక్క పాత సాక్సు బిగించి వాడాడు. నాలుగు వేళ్ళ దూరంలో పాడితే గొంతు కింది స్థాయిలో బరువు పెరుగుతుంది, దగ్గరయ్యేకొద్దీ బేసు పెరగడం ఈ రకం మైకుల స్వభావం. మా బావ గొంతు సన్నం, ఆ బరువు ఆయనకి అక్కరకొచ్చింది. బొంగురు గొంతు వాళ్ళకి ఇది ఎక్కువైపోవచ్చు, ఒక అడుగు వెనక్కి జరగాలి.

వైజాగ్ మావాడి మైకు కొత్తది కాదు, వాళ్ళ బాబాయి ఆర్కెస్ట్రా నడిపేవాడు, గణపతి నవరాత్రులు, పెళ్ళిళ్ళు, దాంట్లో మిగిలిన 57. పిడి మీద పెయింట్ పోయింది, మూతి ఒకవైపు సొట్ట, ఎన్నిసార్లు స్టేజీ మీంచి పడిందో లెక్కలేదు, కనెక్టర్లో కొంచెం తుప్పు, ఉప్పుగాలి కదా. అయినా నా కొత్తదానికీ దానికీ పక్కపక్కన విని తేడా చెప్పమంటే నేను చెప్పలేకపోయా. మన్నిక గురించి నేను చెప్పేది ఇంతే.

మౌతార్గాను సంగతి తెలియనివాళ్ళకి, పాట ఎ కీలో ఉంటే బ్లూస్‌వాళ్ళు డి హార్మోనికా తీస్తారు, దాన్ని క్రాస్ హార్ప్ అంటారు. మూడో రంధ్రం లోపలికి పీల్చి నాలుకతో వంచితే స్వరం కిందికి జారుతుంది. ఎక్కడికి జారుతుందంటే, మన లెక్కలో అంతర గాంధారానికీ సాధారణ గాంధారానికీ మధ్యలో ఎక్కడో, రెండూ కాని చోటికి. చిన్నప్పుడు మా వయొలిన్ మాస్టారు అక్కడ వేలు పెడితే బెత్తంతో కొట్టేవారు, వీడేమో సరిగ్గా అక్కడే నిలబడి ఊగుతున్నాడు, అదే బ్లూస్. వాడు మైకుని, హార్మోనికాని రెండు చేతుల్లో కలిపి బిగించి పట్టుకుని వాయించాడు. అలా పట్టుకుంటే పైస్వరాలు మొద్దుబారి, కొంచెం పగిలినట్టు వస్తుంది. దీనికోసమే షూర్‌వాళ్ళది గ్రీన్ బుల్లెట్ అని వేరే మైకు ఉంది, పిడికిట్లో పట్టేది. 57 పిడి పొడుగు, చేతులు నొప్పెడతాయని వాడు గొణిగాడు కానీ పలుకు మాత్రం బాగా పలికింది.

తాళం దగ్గర మళ్ళీ చిక్కు. మెట్రోనోమ్ పెడితే పాట చచ్చిపోయింది, ఆఫీసు ప్రెజెంటేషన్‌లా తయారైంది. తీసేస్తే మిగతా ఇద్దరికీ పట్టు దొరకట్లేదు. చివరికి మా ఇంట్లో చెక్కపీట ఒకటి ఉంటే దాన్ని బోర్లించి, మడమతో తొక్కుతూ గిటార్ వాయించా, తర్వాత పీట ముందే 57 పెట్టి ఆ తొక్కుడు ఒక్కదాన్నీ వేరే ట్రాక్‌గా రికార్డ్ చేసా. డుబ్ అని వచ్చింది చూడండి, చిన్న డప్పులా. పాట మొత్తంలో నాకు బాగా నచ్చిన సౌండ్ అదే, దానికి పదివేలు ఇచ్చినా తప్పులేదనిపించింది. మిగతా ఇద్దరూ ఆ పీట చప్పుడు వింటూ పాడారు, వాయించారు.

మిక్స్ చేసేటప్పుడు ఒక లాభం, ఒక నష్టం. మూడు ఊళ్ళు, మూడు గదులు అయినా ఒకే మోడల్ మైకు కావడంతో అన్నీ ఒకే గదిలోవి అన్నట్టు అతుక్కున్నాయి, దానికోసం నేను పెద్దగా కష్టపడలేదు. నష్టం ఏంటంటే ఆ 5, 6 కిలోహెర్ట్జ్ మిట్ట నాలుగు ట్రాకుల్లోనూ ఉంది, అన్నీ కలిసి చెవిలో గుచ్చుకుంటుంది. గొంతుకి ఉంచి, గిటార్‌కీ మౌతార్గానుకీ అక్కడ 3 డీబీ చొప్పున తగ్గిస్తే సర్దుకుంది. ఇంత చేసినా రెండో చరణం వెనకాల హెడ్‌ఫోన్లో చెవి పెట్టి వింటే మూడో ఫ్లోర్ కుక్కర్ సన్నగా వినపడుతుంది. 57 కూడా దేవుడు కాదు. బావ మాత్రం అది రైలు కూత అనుకుని "ఎఫెక్ట్ బాగా వేశావ్" అన్నాడు, నేను థాంక్స్ చెప్పేసా.

కొనాలనుకునేవాళ్ళకి ఒక ముక్క. డబ్బాలో కేబుల్ రాదు, స్టాండు రాదు, క్లిప్పూ పౌచూ మాత్రమే. మంచి ఎక్స్ఎల్ఆర్ కేబుల్, పొట్టి స్టాండు కలిపి ఇంకో రెండువేలు పక్కన పెట్టుకోండి. పాడ్‌కాస్ట్ కోసమో, వీణ లాంటి మెత్తటి వాయిద్యం కోసమో అయితే నేను దీన్ని చెప్పను. ఇంట్లో శబ్దం ఎక్కువ, గిటార్ ఆంపో తబలానో డప్పో ఉంది, కిందపడినా బతకాలి అనుకుంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు, కళ్ళు మాత్రం బిల్లు తీసుకునేటప్పుడు తెరవండి, తూకం వేయించండి. అయిదుకి నాలుగున్నర ఇస్తా, అర గెయిన్ కోసం కోసా.

మాండలిన్ లేని మా వెర్షన్ విని బావ మనసు మార్చుకున్నాడు, లాస్ట్ చరణంలో గిటార్ మళ్ళీ వాయించమన్నాడు, జాన్సన్‌లాగా చివర్లో ఆగి ఆగి. వాయించేవాణ్ణే. కానీ కార్తీక మాసం అని మా అపార్ట్‌మెంట్ భజన బృందం వాళ్ళు మైకు అడిగారు, అమ్మ నన్నడక్కుండానే ఇచ్చేసింది. సోమవారం ఇస్తామన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. రోజూ సాయంత్రం కింద హాల్లోంచి హారతి పాట వినపడుతుంటుంది, చాలా క్లియర్‌గా, వెనకాల పిల్లల గోల అస్సలు లేకుండా.